రేపు మీ నాయనను పిలుచుకొని రా: బడిలో సస్పెన్షన్ గురించి

(ఆదోనిలో హైస్కూల్ ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కమిటీల నుంచి వచ్చిన అక్కలకు, అన్నలకు, హెచ్‌ఎం సార్లకు, మేడమ్‌లకు. టైము తక్కువుంది, నేరుగా విషయంలోకి పోతా.

తప్పు చేసిన పిల్లల్ని బడి నుంచి సస్పెండ్ చేయాలా వద్దా అనే దాని మీద మాట్లాడమన్నారు. ఈ ప్రశ్న ఏ హైస్కూల్లో అడిగినా మొదట వచ్చే జవాబు ఒకటే: 'మా బడిలో ఎవర్నీ సస్పెండ్ చేయలేదు సార్.' రిజిస్టర్లు తీసి చూస్తే అది నిజమే. ఎక్కడా ఆ మాట కనపడదు. కానీ అదే బడిలో వారానికి ఒకసారైనా వినపడే మాట ఇంకొకటి ఉంది. 'రేపు మీ నాయనను పిలుచుకొని రా. అంతదాకా క్లాసులో అడుగు పెట్టొద్దు.'

ఇది సస్పెన్షన్ కాకపోతే ఏంది? పైగా ఉన్నవాటిలో చెడ్డది ఇదే. కాగితం మీద ఇచ్చే సస్పెన్షన్‌కు ఒక తేదీ ఉంటుంది, ఒక కారణం ఉంటుంది, సంతకం పెట్టినవాళ్లు ఉంటారు. దీనికి ఏవీ లేవు. ఎప్పుడు ముగుస్తుందో చెప్పిన సారుకు కూడా తెలీదు. హాజరులో మాత్రం ఆబ్సెంట్ పడిపోతుంది, అంటే తప్పు పిల్లోడిదే అయిపోతుంది.

ఈ ప్రాంతంలో దీని ఫలితం ఇంకా ఘోరం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, ఆలూరు పక్క పల్లెల్లో దీపావళి దాటినాక చానా ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోతారు. పిల్లోడు అవ్వ దగ్గర ఉంటాడు. మనం 'నాయనను పిలుచుకొని రా' అంటాం. ఆ నాయన రావాలంటే పోను రాను బస్సు చార్జీ, రెండు మూడు దినాల కూలి పోగొట్టుకోవాలి. రాడు. పిల్లోడు మొదటి దినం ఇంటి కాడ కూర్చుంటాడు, మూడో దినం గొర్రెల వెంట పోతాడు, రెండో వారం ఎవరో తెలిసినవాళ్లతో లారీ ఎక్కి అమ్మానాయన దగ్గరికే సుగ్గికి చేరుకుంటాడు. మార్చిలో లెక్కలు తీసినప్పుడు ఆ పేరు ఎదురుగా 'వలస' అని రాస్తాం. వలస నిజమే, కానీ గేటు దాటించింది మన మాట.

నా అభిప్రాయం ముందే చెప్తా, తర్వాత మీరు వాదించొచ్చు. శిక్షగా సస్పెన్షన్ పనికిరాదు. ఇంకొకరి ఒంటి మీదికి ప్రమాదం ఉన్నప్పుడు, ఆ ప్రమాదాన్ని ఆపేదానికి ఒకటి రెండు దినాలు, మహా అయితే మూడు దినాలు, రాతపూర్వకంగా దూరం పెట్టడం తప్పు కాదు. ఈ రెంటికీ తేడా తెలీకపోవడం వల్లే గొడవంతా.

ముందు చట్టం సంగతి చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి వెళ్లగొట్టకూడదు. 2019లో దీనికి సవరణ వచ్చింది కదా అని కొందరు సార్లు అంటుంటారు. సవరణ వచ్చిన మాట నిజమే. అది 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి, మళ్లీ పెట్టినా పాస్ కాకపోతే అదే తరగతిలో ఉంచే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. వెళ్లగొట్టకూడదనే మాట చెక్కుచెదరలేదు. ప్రైవేటు బడికీ ఇది వర్తిస్తుంది. మైనారిటీ సంస్థల బడుల విషయం మాత్రం 2014 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వేరు.

మరి సస్పెన్షన్? ఆ మాట ఆ చట్టంలో లేదు. లేదు కాబట్టి చేసుకోవచ్చని ఒకరు, లేదు కాబట్టి చేయకూడదని ఇంకొకరు వాదిస్తారు. ఆచరణలో చూడాల్సింది ఇది: తేదీ లేని సస్పెన్షన్ వెళ్లగొట్టడంతో సమానం, కాబట్టి ఎనిమిది లోపు దాన్ని ఏ అధికారి ఎదుటా సమర్థించుకోలేరు. టీసీ సంగతీ అంతే. 'తల్లిదండ్రులే అడిగి తీసుకున్నారు' అని ఒక అర్జీ రాయించుకొని టీసీ చేతిలో పెట్టే అలవాటు ఉంది, ముఖ్యంగా ప్రైవేటు బడుల్లో, ముఖ్యంగా తొమ్మిదో తరగతి చివర్లో, పదో తరగతి ఫలితాల శాతం కోసం. ఆ అర్జీ చేతిరాత ఎవరిదో చూస్తే చాలు, కథ అర్థమైపోతుంది. తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే: మీరు అడగని టీసీ కాగితం మీద వేలిముద్ర వేయొద్దు. ఎనిమిది లోపు పిల్లలైతే విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు, 3 నెలల్లో తేల్చాలని అందులోనే ఉంది. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి ఒక కాపీ ఇచ్చి, మీ కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి.

అదే చట్టం 17వ సెక్షన్ మీకందరికీ తెలుసు. కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం. ప్రార్థనలో పిల్లోణ్ణి ముందుకు పిలిచి క్షమాపణ చెప్పించడం, మెడలో అట్టముక్క వేయడం, బాత్రూంలు కడిగించడం ఇవన్నీ రెండో దాంట్లోకి వస్తాయి. బాత్రూం కడిగించడానికి ఏ పిల్లల్ని పిలుస్తామో కూడా ఒకసారి ఆలోచించుకోండి, ఇంతకంటే చెప్పను.

ఇప్పుడు అసలు విషయం. సస్పెన్షన్ ఎందుకు పనిచేయదు?

ఎనిమిదో తరగతి పిల్లోడు ఒకడు లెక్కల పీరియడ్‌లో ప్రతిసారీ గొడవ చేస్తాడు అనుకోండి. పక్కోడి మీద కామెంట్లు, బెంచీ మీద దరువు, సారు అడిగితే ఎదురు మాట. సారు బయటికి పంపిస్తాడు. వాడికి ఏం దక్కింది? బోర్డు కాడికి పోయి అందరి ముందర తప్పు లెక్క చేయాల్సిన అవసరం తప్పింది. వాడు కోరుకున్నది అదే, మనం అదే ఇచ్చినాం. మూడు దినాలు సస్పెండ్ చేస్తే మూడు దినాల లెక్కలు పోతాయి. తిరిగొచ్చినాక ఇంకా అర్థం కాదు. ఇంకా గొడవ చేస్తాడు. వాడు చదవలేక గొడవ చేస్తున్నాడా, గొడవ చేయడం వల్ల చదవలేకపోతున్నాడా అనేది తేల్చకుండా బయటికి పంపడం అంటే జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా రోగిని వార్డు నుంచి పంపేయడమే.

తేల్చడానికి ఖర్చేమీ లేదు. ఒక 40 పేజీల నోటుబుక్కు, నాలుగు గడులు. ఒకటి: తేదీ, పీరియడ్. రెండు: గొడవకు సరిగ్గా ముందు ఏం జరుగుతోంది, సారు బోర్డు మీద రాస్తున్నాడా, బయటికి చదివిస్తున్నాడా, హోంవర్క్ చూస్తున్నాడా, ఎవరూ లేని పీరియడా. మూడు: పిల్లోడు చేసిందేమిటి; 'పొగరుగా ఉన్నాడు' అని కాదు, 'పుస్తకం నేలకేసి కొట్టాడు' అని, కంటికి కనపడింది మాత్రమే. నాలుగు: ఆ వెంటనే వాడికి ఏం జరిగింది, బయటికి పంపారా, క్లాసంతా నవ్విందా, ఎవరూ పట్టించుకోలేదా. రెండు వారాలు, వాడికి పాఠం చెప్పే సార్లందరూ రాయాలి. క్లాస్ టీచరు దగ్గర ఆ పుస్తకం ఉండాలి.

రెండు వారాల తర్వాత చదివితే దాదాపు ప్రతిసారీ ఏదో ఒక గుర్తు దొరుకుతుంది. గొడవలన్నీ ఒకే పీరియడ్‌లో ఉంటే సబ్జెక్టు సమస్య. మూడో తరగతి తీసివేతలు వచ్చో రాదో అడగండి. అన్నీ ఇంటర్వెల్ తర్వాతే ఉంటే బయట ఎవడో కవ్విస్తున్నాడు. పొద్దున మొదటి పీరియడ్‌లోనే అయితే రాత్రి నిద్ర లేదు, లేదా టిఫిన్ లేదు. బోర్డు మీది నుంచి దించుకోమన్నప్పుడల్లా అయితే కళ్లు చూపించండి. చెవి, చూపు, బుద్ధి ఎదుగుదల సందేహం ఉంటే ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే మండల భవిత కేంద్రంలోని ఐఈఆర్‌టీ టీచరుకు చెప్పండి, ఆరోగ్య పరీక్షలకు వచ్చే బాల స్వాస్థ్య బృందానికి ఆ పేరు ముందే రాసి ఇవ్వండి. సగం చూపుతో ఏడేండ్లు చదివి, 'మాట వినడు' అనే పేరు తెచ్చుకునే పిల్లలుంటారు.

ఈ పద్ధతి ఎక్కడ చెడిపోతుందో కూడా చెప్తా. రెండో దినానికే సార్లు మూడో గడిలో తిట్లు రాయడం మొదలుపెడతారు. నాలుగో గడి ఖాళీగా వదిలేస్తారు, ఎందుకంటే అది తాము చేసింది రాయాల్సిన గడి. ఆ గడి లేకపోతే పుస్తకం వ్యర్థం.

మిగతా దేశాల అనుభవం చూస్తే, అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో దాదాపు 10 లక్షల మంది పిల్లల రికార్డులను ఏడో తరగతి నుంచి ఏండ్ల తరబడి వెంబడించి 2011లో నివేదిక ఇచ్చారు. ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురు ఏదో ఒకసారి సస్పెండ్ అయినవాళ్లే. అందులో చట్టం తప్పనిసరి చేసిన తీవ్రమైన నేరాలకు చేసినవి 3 శాతం మాత్రమే. మిగతావన్నీ బడి తన ఇష్టప్రకారం చేసినవి. సస్పెండ్ అయిన పిల్లలు అదే తరగతిలో ఉండిపోవడం, బడి మానడం, పోలీసు కేసుల్లో పడటం ఎక్కువని కూడా తేలింది. సస్పెన్షన్ వల్లే అట్లా జరిగిందని ఆ లెక్కలు నూటికి నూరుపాళ్లు రుజువు చేయవు, ముందే కష్టాల్లో ఉన్న పిల్లలే సస్పెండ్ అయ్యుండొచ్చు. కానీ సస్పెన్షన్ వాళ్లను దారిలో పెట్టిందని మాత్రం ఎవరూ అనలేరు.

మన లెక్క ఒకటి వేద్దాం. 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలి. పిల్లల చదువుకని తల్లి ఖాతాలో ప్రభుత్వం వేసే తల్లికి వందనం డబ్బుకు 75 శాతం హాజరు షరతు ఉంది. అంటే 165 దినాలు రావాలి, 55 దినాలకు మించి పోకూడదు. సుగ్గికి, జాతరకు, జ్వరానికి, చెల్లెల్ని చూసుకోవడానికి ఆ 55 ఎట్లాగూ కరుగుతాయి. మీరు కలిపిన పది దినాలు ఆ తల్లి ఖాతాలో పడాల్సిన డబ్బును ఆపొచ్చు. ఇంకొకటి, మధ్యాహ్నం అన్నం, గుడ్డు బడిలోనే. సస్పెండ్ అయిన దినం వాడికి ఆ పూట లేదు. శిక్షలో ఇవన్నీ ఉన్నాయని మనం ఎప్పుడూ రాయం.

సరే, ఏ తప్పుకు ఏం చేయాలి? మూడు రకాలుగా విడదీసుకోండి.

మొదటి రకం రోజువారీ చికాకు. మాట్లాడటం, హోంవర్క్ లేకపోవడం, ఆలస్యం, కటింగు, యూనిఫాం, సెల్‌ఫోను, ఎదురు సమాధానం. వీటికి ఏ రూపంలోనూ బయటికి పంపడం వద్దు, నాయనను పిలుచుకొని రమ్మనడం కూడా వద్దు. ఫోను దొరికితే కవర్లో పెట్టి పేరు రాసి బీరువాలో పెట్టండి, సాయంత్రం ఇంటివాళ్లకు ఫోను చేసి ఇవ్వండి, లోపలున్నవి చూడొద్దు. వీటికి పనిచేసేవి చిన్నవి, కానీ తప్పకుండా జరిగేవి. చోటు మార్చడం, ఇంటర్వెల్‌లో ఐదు నిమిషాలు ఆపి రాయని లెక్క రాయించడం, క్లాసు అయిపోయినాక పక్కకు పిలిచి మెల్లగా చెప్పడం. అందరి ముందర వాదన పెట్టుకున్న సారు ఓడిపోతాడు, ఎందుకంటే పిల్లోడికి అక్కడ 50 మంది ప్రేక్షకులున్నారు. ఇంకొక పొరపాటు, 'ఇంకొకసారి చేస్తే టీసీ ఇచ్చేస్తా' అని బెదిరించి ఇవ్వకపోవడం. మూడోసారికి ఆ మాటకు విలువ పోతుంది, సారుకు కూడా పోతుంది.

రెండో రకం నిజంగానే తప్పు, కానీ బడిలోనే తేల్చగలిగింది. దెబ్బలు తగలని కొట్లాట, కిటికీ అద్దం పగలగొట్టడం, సారును బూతు తిట్టడం, పొగాకు పొట్లాలు, కాపీ కొట్టడం. ఇక్కడ మీకు కావాల్సింది బడి లోపలి సస్పెన్షన్. అంటే క్లాసు నుంచి తీసి, బడిలోనే ఇంకొక చోట పని చేయించడం. ఇది చెప్పినంత సులభం కాదు, కొంచెం వివరంగా చెప్పాలి.

చోటు: లైబ్రరీ గది, ల్యాబు, హెచ్‌ఎం గది పక్కన బల్ల. వరండా కాదు, వరండాలో నిలబెడితే దారిన పోయేవాళ్లందరికీ చూపించడం అవుతుంది. చిన్న తరగతిలో కూర్చోబెట్టడం కూడా వద్దు. ఎంతసేపు: రెండు పీరియడ్ల నుంచి ఒక దినం దాకా. అంతకు మించితే అది ఊరికే ఒక మూలన పడేయడం అవుతుంది. పని: ఆ దినం క్లాసులో చెప్పే పాఠాలే, ప్రతి సబ్జెక్టు సారు ఒక్కో పేజీ రాసి ఇవ్వాలి. ఇంపొజిషన్ వంద సార్లు రాయించడం పని కాదు. దాంతోపాటు ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలకు జవాబు: ఏం జరిగింది, దానికి ముందు ఏం జరిగింది, ఎవరికి ఏం నష్టం జరిగింది, దాన్ని ఎట్లా సరిచేస్తావు. రాయడం రాని పిల్లలకు మీరు అడిగి మీరే రాసుకోండి. మధ్యాహ్నం అన్నం అందరితో కలిసే. సాయంత్రం ఆ కాగితం పట్టుకొని క్లాస్ టీచరు పది నిమిషాలు మాట్లాడాలి, నాలుగో జవాబును ఒక పనిగా మార్చాలి. అద్దం పగిలితే దాన్ని బిగించేటప్పుడు పక్కన ఉండి సాయం చేయడం. తిట్టిన సారుతో విడిగా, తలుపు వేసిన గదిలో మాట్లాడటం.

ముగ్గురే సార్లున్న యూపీ (ప్రాథమికోన్నత) స్కూల్లో ఎవరు చూసుకోవాలి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అక్కడ దినమంతా కుదరదు. ఎవరికి ఏ పీరియడ్ ఖాళీ ఉందో చూసుకొని ఒక్క పీరియడ్‌కే పరిమితం చేయండి. ఒక పీరియడ్ సరిగ్గా చేసింది, మూడు దినాలు ఇంటికి పంపిన దానికంటే మేలు.

పొగాకు గురించి ఒక మాట విడిగా. పిల్లోడి జేబులో పొట్లం దొరికితే మనం పిల్లోణ్ణి పట్టుకుంటాం. అది ఎక్కడ కొన్నాడు? విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదని, 18 ఏండ్ల లోపు వాళ్లకు ఎక్కడా అమ్మకూడదని 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం చెప్తుంది. బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద పిల్లలకు పొగాకు ఇచ్చినవాళ్లకు 7 ఏండ్ల దాకా కఠిన జైలు శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. గేటు బయట బంకు అలాగే ఉంచి లోపల పిల్లోణ్ణి సస్పెండ్ చేస్తే, వాడు ఆ మూడు దినాలూ ఆ బంకు కాడే ఉంటాడు. కమిటీ సభ్యులు ఇది మీ పని; ఊళ్లో మీ మాట సారు మాట కంటే ఎక్కువ నడుస్తుంది.

మూడో రకం ప్రమాదం. కత్తి, బ్లేడు తేవడం, గాయపరచడం, ఫలానావాణ్ణి చంపుతా అని బెదిరించడం, హాస్టల్లో చిన్నపిల్లల్ని హింసించడం, ఆడపిల్లల్ని వేధించడం. ఇక్కడ దూరం పెట్టాలి, వెంటనే పెట్టాలి. మిగతా పిల్లల భద్రతకు బడిదే బాధ్యత, ఇందులో మొహమాటం వద్దు. ర్యాగింగ్ విషయంలో అయితే మన రాష్ట్రంలో 1997 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. ఫిర్యాదు వస్తే విచారించాలి, పైకి నిజమని కనపడితే అవసరమైనంత కాలం సస్పెండ్ చేయాలి అని సంస్థ పెద్దకే బాధ్యత పెట్టింది.

ఇక్కడ జరిగే పెద్ద తప్పులు రెండు. ఒకటి, 'ఇద్దరూ కొట్టుకున్నారు, ఇద్దర్నీ ఇంటికి పంపండి.' ఒకడు నెలల తరబడి ఇంకొకణ్ణి వేధించి, ఆ దినం వాడు తిరగబడితే ఇద్దరికీ ఒకే శిక్ష. చూసేవాళ్లకు న్యాయంగా కనపడుతుంది, దెబ్బలు తిన్నవాడికి మాత్రం బడి మీద నమ్మకం అక్కడితో పోతుంది. రెండోది ఇంకా పెద్దది: లైంగిక వేధింపును సస్పెన్షన్‌తో సర్దుబాటు చేయడం. ఊరి పెద్దలు వస్తారు, పరువు అంటారు, వారం దినాలు పిల్లోణ్ణి రాకుండా చేసి మూసేద్దాం అంటారు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం, 6 నెలల దాకా జైలు. హెచ్‌ఎం స్వయంగా విచారణ జరిపి నిజమో అబద్ధమో తేల్చాల్సిన పనిలేదు, తేల్చకూడదు కూడా. పిల్లతో పదిసార్లు చెప్పించొద్దు. 1098కి ఫోను చేస్తే దారి చెప్తారు. ఇంకా, గొడవ వీడియో బడి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, పేర్లు రాయడం వద్దు. చట్టం ముందుకు వచ్చిన పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం, అది నిందితుడైన పిల్లోడికి కూడా వర్తిస్తుంది.

ఇప్పుడు సస్పెండ్ చేయక తప్పని పరిస్థితి వచ్చింది అనుకుందాం. ఎట్లా చేయాలి?

అమెరికా సుప్రీంకోర్టు 1975లో ఒహాయో రాష్ట్రం కొలంబస్ ఊరి పిల్లల కేసులో ఒక తీర్పు ఇచ్చింది. పది దినాల లోపు సస్పెన్షన్‌కు అయినా సరే, నువ్వు చేసిందిది అని పిల్లోడికి చెప్పాలి, వాడు కాదంటే మా దగ్గరున్న ఆధారం ఇది అని చూపించాలి, వాడి మాట వినాలి అంది. ప్రమాదం ఉంటే ముందు పంపి, తర్వాత తొందరగా వినొచ్చు అని కూడా అంది. ఆ తీర్పు మనకు వర్తించదు. కానీ ఈ మూడు పనులకూ కలిపి పది నిమిషాలు చాలు, వకీలు అక్కర్లేదు, అంతకంటే చవకైన న్యాయం నాకు తెలీదు. ఇంగ్లండ్‌లో ఏడాదికి మొత్తం 45 బడిదినాలకు మించి సస్పెండ్ చేయకూడదు, ఆరో దినం నుంచి వేరే చోట చదువు ఏర్పాటు చేయాలి. మనకు ఆ వేరే చోటు లేదు. అందుకే నేను మూడు దినాలకు మించొద్దు అంటున్నా.

కాగితం మీద ఉండాల్సినవి: జరిగిన తేదీ, టైము, చోటు; ఏం జరిగింది; పిల్లోడు ఏం చెప్పాడు, వాడి మాటల్లోనే; ఏ దినం నుంచి ఏ దినం వరకు; ఏ దినం పొద్దున ఎన్ని గంటలకు తిరిగి రావాలి; మధ్యలో ఎవరికి ఫోను చేయొచ్చు. తిరిగి రావాల్సిన తేదీ మిగతా వాటికంటే పెద్ద అక్షరాల్లో రాయండి. తెలుగులో రాయండి, ఆదోనిలో ఇంట్లో కన్నడం, ఉర్దూ మాట్లాడే వాళ్లుంటారు, వాళ్లకు అర్థమయ్యేవాళ్లతో చదివి చెప్పించండి. అవ్వకు చదువు రాకపోతే కాగితం ఇచ్చి పంపడం చెప్పినట్టు కాదు. నాయన సుగ్గిలో ఉంటే ఫోనులో చెప్పండి, ఫోను చేసిన టైము కాగితం మీదే రాయండి. ఆయన రాకపోయినా పిల్లోడు ఆ తేదీకి క్లాసులో కూర్చుంటాడు, అది ఆయన రాకతో ముడిపెట్టొద్దు.

బడి టైములో పిల్లల్ని ఒంటరిగా ఇంటికి పంపొద్దు. ఇంటివాళ్ల చేతికి అప్పగించి సంతకం తీసుకోండి, ఎవరూ రాకపోతే సాయంత్రం బెల్లు దాకా బడిలోనే ఉంచండి. గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, హాస్టళ్ల వాళ్లు ఇది మరీ గట్టిగా పాటించాలి. 'ఇంటికి పో' అని బస్టాండులో వదిలిన పిల్లోడు ఇంటికే పోతాడని ఏం గ్యారంటీ? భయపడి ఇంకొక బస్సు ఎక్కుతాడు. ఏడుస్తూ, ఎవరితో మాట్లాడకుండా, 'నేను లేకపోతే బాగుంటుంది' లాంటి మాటలు అనే పిల్లను ఆ రాత్రి ఒంటరిగా ఉంచొద్దు. పెద్దవాళ్లు పక్కన ఉండాలి. టెలిమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

తిరిగొచ్చిన దినం, సస్పెండ్ చేసిన దినం కంటే ముఖ్యం. దాన్నే మనం గాలికి వదిలేస్తాం. ప్రార్థనకు ముందు పదిహేను నిమిషాలు హెచ్‌ఎం, క్లాస్ టీచరు, పిల్లోడు, వీలైతే ఇంటి మనిషి ఒకరు. పాత గొడవ మళ్లీ విచారించొద్దు. మూడే మాట్లాడండి: పోయిన పాఠాలు ఎవరి నోటుబుక్కు చూసి రాసుకోవాలి, ఏ బెంచీలో కూర్చోవాలి, మళ్లీ కోపం వస్తే క్లాసు మధ్యలో ఎవరి దగ్గరికి పోవచ్చు. ఆ చివరి ప్రశ్నకు జవాబుగా ఒక సారు పేరు ఉండాలి. ఎక్కువసార్లు పీఈటీ సారు పేరు వస్తుంది, పిల్లలకు ఆయన దగ్గర చనువు. ఆ సారు రెండు వారాలు దినానికి రెండు నిమిషాలు పలకరించాలి. మిగతా సార్లు 'వచ్చినావా హీరో' లాంటి మాటలు మానుకోవాలి. ఒక్క ఎగతాళి మాట చాలు, ఈ పనంతా మట్టిపాలు.

ఆడపిల్లల విషయం. ఎనిమిదో తొమ్మిదో చదివే ఆడపిల్ల బ్యాగులో చీటీ దొరికింది, లేదా ఫోను దొరికింది అనుకోండి. పిల్లోడైతే నాలుగు దినాల్లో తిరిగొస్తాడు. ఆ పిల్ల తిరిగి రాదు. 'నాయనను పిలుచుకొని రా' అన్న మాట ఇంటికి చేరిన దినం నుంచే సంబంధాలు చూడటం మొదలవుతుంది, మామ కొడుకు ఎట్లాగూ ఉండనే ఉంటాడు. 18 ఏండ్లు నిండకుండా పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరమని ఇంట్లో వాళ్లకు తెలిసినా, బడి నుంచి వచ్చిన ఫిర్యాదు వాళ్ల చేతికి ఒక కారణం ఇస్తుంది. ఈ విషయంలో ఎట్టి పరిస్థితుల్లోనూ సస్పెన్షన్ వద్దు. ఒక మేడమ్ విడిగా మాట్లాడాలి, ముందు ఆ పిల్లను ఎవరైనా బెదిరిస్తున్నారా అని అడగాలి. బెదిరింపు ఉంటే అది పోక్సో దారి. లేకపోతే ఇంటికి ఏం చెప్పాలి, ఎవరికి చెప్పాలి అనేది ఆ పిల్లతో మాట్లాడి నిర్ణయించుకోండి; తల్లికా, మేనత్తకా అనేది ఆ పిల్లకే తెలుసు. ఇంటికి చెప్పినాక వారం దినాలు హాజరు మీద ఒక కన్ను వేయండి. మూడు దినాలు రాకపోతే అంగన్‌వాడీ టీచరును, మహిళా పోలీసును అడిగించండి.

సార్ల వైపు మాట కూడా చెప్పాలి. కట్టె తీసేశారు, ఫెయిల్ చేయొద్దన్నారు, ఇప్పుడు సస్పెన్షన్ కూడా వద్దంటే 60 మందిని ఎట్లా పట్టుకోవాలి, ఒకడి కోసం మిగతా 59 మంది చదువు పోవాలా అంటారు. ఆ బాధ నిజం. ఒంటరిగా ఏ సారూ ఇది మోయలేడు. క్లాసులో చేయి దాటిపోయినప్పుడు ఒక పిల్లతో చీటీ పంపితే ఐదు నిమిషాల్లో ఇంకొక సారు వచ్చి ఆ పిల్లోణ్ణి తీసుకుపోయే ఏర్పాటు ప్రతి బడిలో ఉండాలి. ఏ పీరియడ్‌కు ఎవరు అనేది టైంటేబుల్ పక్కనే అంటించండి. సారు మీద చేయి ఎత్తిన కేసులో హెచ్‌ఎం ఆ సారును ఒంటరిగా వదిలేయకూడదు. అదే దినం రాతలో పెట్టాలి, కమిటీని పిలవాలి, అది మూడో రకం కిందే లెక్క. సారుకు ఈ భరోసా ఉంటే 'గెట్ అవుట్' అనాల్సిన అవసరం చానా తగ్గుతుంది.

కమిటీల పని ఒక్కటి చెప్పి ఆపేస్తా. చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం ఆడవాళ్లు. మీటింగులో అన్నం, బాత్రూంల గురించి మాట్లాడుతున్నారు, మంచిదే. వచ్చే మీటింగులో ఒక తీర్మానం రాయించండి: బయటికి పంపిన పిల్లల రిజిస్టరు ఒకటి పెట్టాలి, 'నాయనను పిలుచుకొని రా' అన్నది కూడా అందులోనే ఎక్కించాలి. గడులు ఐదు చాలు: పేరు, తరగతి, కారణం, పంపిన తేదీ, తిరిగొచ్చిన తేదీ. ప్రతి నెలా కమిటీ ఎదుట చదవాలి, పేర్లు బయటికి పోకుండా. చివరి గడి ఖాళీగా ఉంటే రెండు దినాల్లో ఆ ఇంటికి ఎవరు పోవాలి, ఒక సారు, ఒక కమిటీ మెంబరు, వాళ్ల పేర్లు ఆ తీర్మానంలోనే రాయండి. ఎవరో ఒకరు పోతారులే అని రాస్తే ఎవరూ పోరు.

ఇప్పుడు మీరు అడగండి.